అడగకుండా రాసిన పేరు

1979 నవంబరు 27, మంగళవారం సాయంత్రం ఏడు గంటల యాభై నిమిషాలకు మదనపల్లెలోని ఒక సినిమా హాల్లో, ఫస్ట్ షో విశ్రాంతి సమయంలో, తెర మీద ఒక స్లైడు పడింది. 'నిశ్చితార్థ శుభాకాంక్షలు. చి. జయచంద్ర, మదనపల్లె. చి.ల.సౌ. ఎల్. గంగరత్న, పుంగనూరు. ఇట్లు, మిత్రులు' అని దాని మీద ఉంది. వాళ్లిద్దరికీ నిశ్చితార్థం జరగలేదు. గంగరత్నకు ఆ స్లైడు సంగతి తెలియదు.

స్లైడు రాసినవాడు అలావుద్దీన్. వయసు నలభై నాలుగు. బెంగళూరు బస్టాండు వెనక సందులో అతనికి ఒక గది ఉంది. అంగడి బోర్డులు, ఎద్దుల బండ్ల మీద పేర్లు, లారీల వెనక పద్యాలు రాసేవాడు. అన్నిటికన్నా ఎక్కువగా సినిమా హాళ్లకు స్లైడ్లు రాసేవాడు. అరచేతిలో పట్టే గాజు పలకకు నల్లరంగు పూసి, ఆరాక సూదితో అక్షరాలు గీకేవాడు. గీకిన చోట వెలుగు దూరి తెర మీద అక్షరమయ్యేది. దీపం వేడికి పలక పగలడం మామూలు కాబట్టి ప్రతి స్లైడూ రెండు రాసి, రెండోది పాతపేపరులో చుట్టి ఇచ్చేవాడు. పలకలు హాలు నుంచి తిరిగి వచ్చాక అతని భార్య మైమూన్ బీ కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టేది. కొత్త పేర్లు అతను వాటి మీదే రాసేవాడు.

పెళ్లి స్లైడు అడిగినవాళ్లను అలావుద్దీన్ శుభలేఖ తెమ్మనేవాడు. ఇంటిపేరు తప్పు పడితే మగపెళ్లివాళ్లు, ఆడపెళ్లివాళ్లు కలిసి వచ్చి తగాదా పడిన సందర్భాలు రెండున్నాయి. అప్పటినుంచి శుభలేఖ చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు దింపేవాడు. నిశ్చితార్థానికి శుభలేఖ ఉండదు. జయచంద్ర సోమవారం పొద్దున వచ్చి నోటుబుక్కు కాగితం మీద పేర్లు రాసి ఇచ్చాడు. అలావుద్దీన్ కాగితం తీసుకున్నాడు. ఏమీ అడగలేదు. జయచంద్ర హాలు ఓనరు చెల్లెలి కొడుకు కావడం ఒక కారణం. తొందర పని ఉండడం ఇంకో కారణం.

అప్పటికి ఆ హాల్లో ఆడుతున్న సినిమాకు రెండో వారం. అలావుద్దీన్ దాన్ని మొదటినుంచి చివరిదాకా చూడలేదు. స్లైడ్లు ఇవ్వడానికి ఆపరేటరు గదిలోకి పోయినప్పుడల్లా కిటికీలోంచి కొంచెం కొంచెం చూశాడు. కథ అతనికి తెలుసు. హీరో ఉద్యోగం కోసం తనకు పెళ్లి కుదిరిందని మేనేజరుకు అబద్ధం చెబుతాడు. పిల్ల ఎవరంటే, ఎదురుగా టైపు కొడుతున్న అమ్మాయిని చూపిస్తాడు. మర్నాడు పేపర్లో ప్రకటన వేయిస్తాడు. ఆ పిల్ల పేపరు పట్టుకొని వచ్చి అందరి ముందర చెంప మీద కొడుతుంది. అక్కడ హాలు నవ్వేది. తర్వాత అబద్ధం నిలబెట్టడానికి ఇద్దరూ కలిసి తిరగాల్సి వస్తుంది. చివరి రీలులో నిజంగానే ఉంగరాలు మార్చుకుంటారు. అక్కడ జనం ఈల వేసేవాళ్లు. జయచంద్ర ఆ సినిమా తొమ్మిది సార్లు చూశాడు. మేనమామ హాలు కాబట్టి టికెట్టు లేదు.

స్లైడు మంగళ, బుధ, గురువారాలు పడింది. గురువారంతో సినిమా మారింది. ఆఖరి ఆట అయ్యాక ఆపరేటరు రీళ్లు పెట్టెలో పెట్టి, సినిమా పంచే కంపెనీవాళ్లు పంపిన 'నేడే చూడండి', 'వచ్చే శుక్రవారం' స్లైడ్లను రేకు డబ్బాలో సర్దాడు. ఆ తొందరలో జయచంద్ర స్లైడు కూడా డబ్బాలో పడింది. సినిమా పెట్టె మదనపల్లె నుంచి పుంగనూరుకు, అక్కడ వారం ఆడాక కుప్పానికి పోయేది. డబ్బా పెట్టెతో పాటే పోయేది. డబ్బాలో వచ్చినవి కంపెనీ స్లైడ్లు కాబట్టి ఊరూరి ఆపరేటర్లు వాటిని చదవకుండా వేసేవాళ్లు.

నవంబరు 30, శుక్రవారం పుంగనూరులో మ్యాట్నీకి ఆ స్లైడు పడింది.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు ఒక మనిషి అలావుద్దీన్ గది ముందు సైకిలు ఆపాడు. సైకిలు మదనపల్లెలో అద్దెకు తీసుకున్నది. మెడలో కొలత టేపు ఉంది. తీసి రావడం మరిచిపోయినట్టున్నాడు. పేరు లక్ష్మయ్య. పుంగనూరు బస్టాండు దగ్గర దర్జీ. స్లైడ్లు రాసేదెవరో హాలు దగ్గర అడిగి వచ్చాడు. జేబులోంచి చీటీ తీసి చదివాడు. స్లైడు మీద ఉన్న మాటలు పెన్సిలుతో ఎత్తి రాసుకున్నవి.

"ఇది రాసింది నువ్వేనా అప్పా?"

నేనేనని అలావుద్దీన్ చెప్పాడు.

"గంగరత్న నా బిడ్డ. దాని పేరు నీకెవరు చెప్పిరి?"

జయచంద్ర కాగితం తెచ్చిన సంగతి అలావుద్దీన్ చెప్పాడు. లక్ష్మయ్య విన్నాడు. తర్వాత అడిగాడు:

"మగపిల్లోని తరఫున వాడే వచ్చినాడు. సరే. ఆడపిల్ల తరఫున ఎవరొచ్చినారు?"

అలావుద్దీన్ స్టూలు జరిపాడు. లక్ష్మయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. గంగరత్నకు ఇరవై ఒకటో ఏడు. రోజూ బస్సులో మదనపల్లెకు వచ్చి టైపు నేర్చుకుంటుంది. లోయరు పరీక్ష ప్యాసైంది. హయ్యరుకు ఫీజు కట్టింది. కుప్పంలో కొండప్ప అనే ఆయన కొడుకు మునిరాజుతో సంబంధం కుదిరింది. మునిరాజు రైల్వేలో పార్సిలు గుమాస్తా. డిసెంబరు తొమ్మిది, ఆదివారం వక్కాకు మార్చుకోవాలి. అంటే పెద్దలు ఆకు వక్క పళ్లెం ఇచ్చి పుచ్చుకుంటే మాట ఖాయమైనట్టు.

"మా వీధిలో వాళ్లు నన్నడగతాండారు, మదనపల్లె సంబంధం ఎప్పుడు కుదుర్చుకుంటివి లక్ష్మయ్యా అని. ఇది కుప్పానికి తెలిస్తే వాళ్లు వస్తారా? నువ్వే చెప్పు."

అలావుద్దీన్‌కు కూతుళ్లు లేరు. చెల్లెళ్లు ముగ్గురు. ముగ్గురి పెళ్లిళ్లూ తనే చేశాడు. సంబంధం కుదిరాక వారం రోజులు ఎలా గడుస్తాయో అతనికి తెలుసు. స్లైడు తీయించి చెరిపేస్తానని, అది కుప్పం దాకా పోదని లక్ష్మయ్యకు మాటిచ్చాడు.

ఆ మధ్యాహ్నమే జయచంద్రను వెతికాడు. హాలు పక్క టీ అంగట్లో దొరికాడు. గడ్డం పెరిగి ఉంది. ఆ పిల్లతో ఎన్నిసార్లు మాట్లాడావని అడిగితే, ఒకసారని చెప్పాడు. ఇద్దరూ నేర్చుకునే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రబ్బరు అడిగితే ఇచ్చిందట. తిరిగి ఇచ్చినప్పుడు ఏమీ అనలేదట.

"మరి యాల రాయిస్తివప్పా?"

"వచ్చి తిడుతుందనుకుంటి అన్నా. తిడితే మాట కలుస్తుంది కదా." జయచంద్ర గ్లాసు తిప్పాడు. "మూడు దినాలు హాలు ముందర నిలబడితి. రాలేదు. ఈపొద్దు ఇన్‌స్టిట్యూట్‌కి కూడా రాలేదు."

"అది సినిమా జయచంద్రా."

"సినిమా అని నాకు తెలీదా?" అన్నాడు. ఆ తర్వాత తలెత్తలేదు. పుంగనూరుకు వచ్చి పెద్దల ముందర ఒప్పుకోమని అలావుద్దీన్ అడిగాడు. మామకు తెలిస్తే చంపుతాడని, తను రానని జయచంద్ర అన్నాడు. సోమవారానికి అతను బెంగళూరులో ఉన్నాడు.

డిసెంబరు 2, ఆదివారం అలావుద్దీన్ పుంగనూరు పోయాడు. హాలు మేనేజరు మొదట ఒప్పుకోలేదు. డబ్బా కంపెనీ సొత్తు, అందులోది తీసి ఇవ్వడానికి తనకు అధికారం లేదన్నాడు. తీసుకుపోనని, ఇక్కడే చెరిపి గాజు మళ్లీ డబ్బాలోనే పెడతానని అలావుద్దీన్ చెప్పాక డబ్బా మూత తీశాడు. స్లైడు పైనే ఉంది. అలావుద్దీన్ జేబులోంచి గుడ్డ, కిరసనాయిలు సీసా తీసి, మేనేజరు ముందరే తుడిచాడు. జయచంద్ర పేరు, తర్వాత గంగరత్న పేరు పోయాయి. గాజు వెలుగుకు పట్టి చూసి, తిరిగి డబ్బాలో పెట్టాడు. కింద ఇంకా పలకలున్నాయి. వాటిని చూడలేదు.

అక్కడినుంచి లక్ష్మయ్య ఇంటికి పోయి చెరిపేశానని చెప్పాడు. లక్ష్మయ్య భార్య పాపమ్మ మజ్జిగ ఇచ్చింది. గంగరత్న నడిమింటి గడపలో నిలబడి ఉంది. అతను ఆమెను చూడడం అదే మొదలు. ఆమె ఒక్క మాట అడిగింది.

"ఇంక యాడా లేదు కదా చిన్నాయనా?"

"లేదమ్మా," అన్నాడు అలావుద్దీన్.

నాలుగు రోజులు గడిచాయి. డిసెంబరు 6, గురువారం సాయంత్రం మదనపల్లె హాలు నుంచి పాత పలకలు వచ్చాయి. మైమూన్ బీ వాటిని కడగడానికి కూర్చుంది. ప్రతి స్లైడుకూ జత చూసి పక్కపక్కన పేర్చడం ఆమె అలవాటు. జయచంద్ర రాయించిన స్లైడు రెండు పలకలూ రాలేదని చెప్పింది. ఒకటి పుంగనూరులో తనే తుడిచానని అలావుద్దీన్ అన్నాడు. మరి రెండోదేదని ఆమె అడిగింది.

అలావుద్దీన్ చేతిలో కుంచె ఉంది. దాన్ని నీళ్లలో పెట్టి, చెప్పులు వేసుకొని హాలుకు పోయాడు. పేపరులో చుట్టిన పలకను కూడా అదే డబ్బాలో పెట్టినట్టు ఆపరేటరుకు గుర్తుంది. సినిమా మర్నాడు కుప్పంలో.

శుక్రవారం తెల్లవారి ఆరు గంటల బస్సుకు బయలుదేరాడు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు దిగలేదు. పలమనేరులో బస్సు మారాడు. వి.కోట దగ్గర టైరు మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. శాంతిపురం దాటాక బండరాళ్ల లారీ అడ్డం పడి ఇంకో పది నిమిషాలు పోయింది. కుప్పంలో దిగేసరికి పదకొండు గంటల నలభై నిమిషాలు. సినిమా హాలుకు నడిచిపోయాడు. మ్యాట్నీ రెండున్నరకని, టైము ఉందని అనుకుంటూ వచ్చాడు. హాలు ముందర సైకిళ్లు నిండి ఉన్నాయి. శుక్రవారం కొత్త సినిమాకు అక్కడ పొద్దున పదకొండుకే ఒక ఆట వేస్తారని అప్పుడు తెలిసింది.

లోపల జనం నవ్వుతున్నారు. ఆ నవ్వు ఏ సీనుదో అతనికి తెలుసు. ఆ పిల్ల పేపరు పట్టుకొని ఆఫీసులోకి వచ్చే సీను అది.

ఆపరేటరు పెద్దమనిషి. మర్యాదగా మాట్లాడాడు. డబ్బాలో ఉన్న స్లైడ్లన్నీ సినిమాకు ముందే, పదకొండూ ఐదుకు వేశానన్నాడు. పేపరులో చుట్టింది కూడా విప్పి వేశానన్నాడు. ఏం రాసి ఉందో చూడలేదన్నాడు. అలావుద్దీన్ ఆ పలక అడిగి తీసుకొని, మెట్ల మీదే కూర్చొని తుడిచాడు. జనం ఎంతమంది ఉన్నారని అడిగితే రెండు వందల మంది దాకా ఉంటారని ఆపరేటరు చెప్పాడు.

మదనపల్లె పోవడానికి ఒంటిగంటకు బస్సు ఉంది. అలావుద్దీన్ హాలు ఎదురుగా టీ తాగాడు. ఆ రెండు వందల మందిలో గంగరత్న పేరు తెలిసినవాళ్లు ఉన్నారో లేదో చెప్పేవాళ్లు లేరు. ఉంటే సాయంత్రానికి కొండప్ప చెవిన పడుతుంది. పరాయివాళ్ల నోటి నుంచి పడితే ఒక రకం. రాసినవాడే పోయి చెబితే ఒక రకం. ఇలా అనుకొని, టీ గ్లాసు దించి, రైల్వేలో మునిరాజు ఇల్లు ఎక్కడని అడిగాడు.

ఇల్లు స్టేషనుకు దగ్గర్లో ఉంది. కొండప్ప రైల్వే గ్యాంగులో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. వసారాలో కూర్చొని కుక్కి మంచానికి తాడు బిగిస్తున్నాడు. భార్య తిమ్మక్క చేటలో సెనక్కాయలు ఒలుస్తోంది. మునిరాజు డ్యూటీ దిగి వచ్చి, బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. అలావుద్దీన్ తన పేరు, ఊరు, పని చెప్పాడు. తర్వాత జరిగింది జరిగినట్టు మొదటినుంచి చెప్పాడు. తను తుడిచిన పలకలు రెండింటి సంగతీ చెప్పాడు. కొండప్ప తాడు బిగించడం ఆపకుండా విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు:

"మా ఇంట్లో సినిమాకి పోయేవాళ్లు లేరు సాయిబూ. నువ్వు రాకపోయింటే మాకు తెలిసేది కాదు."

కొండప్ప ఇంకో చుట్టు తాడు లాగాడు.

"ఆ పిల్లోనికీ ఈ పాపకీ మాటల్లేవని నీకెట్ల తెలుసు?"

"వాడే చెప్పినాడప్పా."

"వాని మాట విని స్లైడు రాస్తివి. మళ్ల వాని మాటే విని ఏమీ లేదంటాండావు." కొండప్ప తాడు వదిలాడు. "నేను ఆ పాపను అనుమానించేది లేదు. అయితే రేపు మా కులంలో నలుగురు అడుగుతారు. నాకు ఒక జవాబు కావల్ల. కాణిపాకం పోయి దేవుని ముందర ప్రమాణం చేయమను. వాడెవడో నాకు తెలీదని ఒక్క మాట. చేస్తే ఆదివారం వస్తాం. లేదంటే లేదు."

చిత్తూరు జిల్లాలో ఆ ప్రమాణానికి ఎదురు లేదు. అప్పు ఎగ్గొట్టినవాడు, పొలం గట్టు జరిపినవాడు, తాగుడు మానతానన్నవాడు అక్కడికే పోతారు. అక్కడ అబద్ధం చెప్పేవాళ్లు లేరని నమ్మకం. అలావుద్దీన్‌కూ ఆ సంగతి తెలుసు. తప్పు చేసింది తను కాబట్టి తనే వచ్చి ప్రమాణం చేస్తానన్నాడు.

"నువ్వు రాసినావని మాకు తెలుసులే," అన్నాడు కొండప్ప. "తెలీంది వేరే."

మునిరాజు కాళ్లు తుడుచుకొని వసారా అంచున నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్లవాడు. అలావుద్దీన్ అతనివైపు తిరిగి, నువ్వేమంటావప్పా అని అడిగాడు. మునిరాజు తండ్రిని చూశాడు. "నాయన చెప్పినట్లే," అని లోపలికి పోయాడు.

సాయంత్రం ఆరున్నరకు అలావుద్దీన్ పుంగనూరులో దిగాడు. కుప్పం కబురు లక్ష్మయ్య ఇంట్లో చెప్పాడు. రెండో పలక సంగతి దాచకుండా చెప్పాడు. లక్ష్మయ్యకు కోపం రాలేదు. దోవ దొరికిందన్నట్టు లేచాడు. రేపు శనివారం, పొద్దున చిత్తూరు బస్సు ఎక్కితే పది గంటలకు కాణిపాకంలో ఉండొచ్చని భార్యతో అన్నాడు. పాపమ్మ పసుపు బట్ట, టెంకాయ అని లెక్క చెప్పడం మొదలుపెట్టింది. గంగరత్న గోడ దగ్గర కూర్చొని ఉంది. మునిరాజు ఏమన్నాడని అడిగింది. అలావుద్దీన్ చెప్పాడు.

"నేను పోను," అంది గంగరత్న.

పోతే ఒక పూటలో అయిపోతుంది కదా అని లక్ష్మయ్య అన్నాడు. ఆమె తండ్రికి నిదానంగానే జవాబు చెప్పింది.

"నేను ప్రమాణం చేస్తే, ఏదో ఉండబట్టే చేసిందంటారు నాయనా. చేయకపోతే, ఏదో ఉండబట్టే చేయలేదంటారు. రెండూ ఒకటే అయినప్పుడు నేను యాల పోవల్ల?"

"సంబంధం పోతుంది పాపా."

"తెలుసు."

పాపమ్మ లెక్క చెప్పడం ఆపింది. తర్వాత గంగరత్న అలావుద్దీన్‌ను అడిగింది.

"నువ్వు పోయి చెప్పకపోయింటే వాళ్లకు తెలిసేది కాదంట కదా చిన్నాయనా?"

"తెలిసేది కాదేమో."

"మరి యాల చెప్తివి?"

"ఇంక యాడా లేదని నీకు చెప్పినాను కదమ్మా. అది అబద్ధమైపాయె. ఇంకో అబద్ధం మీద నీ వక్కాకు జరగరాదనుకుంటి."

గంగరత్న గోడ దగ్గరినుంచి లేచింది.

"పొద్దున బస్సు ఈడ ఆగింటుంది కదా. దిగి నాకు చెప్పాల్సింది. వాళ్లకు చెప్పేది వద్దా కావాలా అని నన్నడగాల్సింది. మొదట నన్నడక్కుండా రాస్తివి. మళ్ల నన్నడక్కుండానే చెప్తివి."

అలావుద్దీన్ నేలను చూస్తూ కూర్చున్నాడు. తప్పయిందమ్మా అన్నాడు. ఆమె సరేనని గానీ, లేదని గానీ అనలేదు. అన్నం తిని పొమ్మంది. ఆఖరి బస్సుకు అతను మదనపల్లె చేరాడు.

ఆదివారం పొద్దున అలావుద్దీన్ మళ్లీ పుంగనూరులో ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. లక్ష్మయ్య వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. ముహూర్తం పదింపావుకు. కుప్పానికి ప్రమాణం కుదరదని శనివారమే లక్ష్మయ్య మనిషిని పంపాడు. అయినా ఇంట్లో చాప పరిచి ఉంది. ఆకులు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. పదింపావు దాటింది. పదకొండు దాటింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూసి పోయారు. పన్నెండుకు పాపమ్మ చాప చుట్టేసింది.

మధ్యాహ్నం రెండూ పదికి మునిరాజు ఒక్కడే వచ్చాడు. చేతిలో సంచీ లేదు. లక్ష్మయ్య లోపలికి పిలిచాడు. మీ నాయన ఏడని అడిగాడు. నాయన రానన్నాడని, తనకు ఏ ప్రమాణమూ అక్కర్లేదని, గంగరత్న అంటే తనకు నమ్మకమేనని మునిరాజు చెప్పాడు. ఆకు వక్క ఇప్పుడే మార్చుకుందామన్నాడు. మగపిల్లోని తరఫున పళ్లెం పట్టడానికి పెద్దదిక్కు కావాలి కదా అని లక్ష్మయ్య అన్నాడు. మునిరాజు అరుగు మీద ఉన్న అలావుద్దీన్‌ను చూపించాడు. పెద్దమనిషి ఉన్నాడు కదా అన్నాడు.

లక్ష్మయ్య ఆలోచించాడు. అలావుద్దీన్ లేచి నిలబడ్డాడు. సరే అనబోయి, ఆగి, పాపను అడగండన్నా అన్నాడు.

గంగరత్న వచ్చి తలుపు పక్కన నిలబడింది. మునిరాజు అన్నది లోపలినుంచే విన్నది.

"శుక్రవారం మీ ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు మీరు ఆడనే ఉండారంట."

"ఉండాను," అన్నాడు మునిరాజు.

"మీ నాయన అడిగింది తప్పని ఇప్పుడు నాకు చెప్తాండారు. ఆయనకు చెప్పినారా?"

మునిరాజు లేదన్నాడు.

"ముందు ఆడ చెప్పి రాండి. ఎవరి మీదా కోపం లేదు. ఇట్ల దొంగతనంగా మాత్రం వద్దు."

అతను నీళ్లు తాగి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.

మదనపల్లె హాలు ఓనరుకు మేనల్లుడి సంగతి ఆ వారంలో తెలిసింది. తన ఇంటి సంగతి కుప్పం దాకా పోయి చెప్పాడని అలావుద్దీన్ మీద కోపపడి, స్లైడ్ల పని వేరే పెయింటరుకు ఇచ్చాడు. అలావుద్దీన్ మిగిలిన హాళ్లకు రాశాడు. నిశ్చితార్థం స్లైడు అడిగినవాళ్లను ఇద్దరి సంతకాలూ తెమ్మనడం మొదలుపెట్టాడు. పిల్లోనిదొక్కటే కాదు, పిల్లది కూడా. కొందరు నవ్వారు. ఆడపిల్ల సంతకమెందుకు సాయిబూ, తండ్రిది చాలదా అని కురబలకోట నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు. చాలదని అలావుద్దీన్ చెప్పాడు. ఆయన స్లైడు రాయించకుండా పోయాడు. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు.

జయచంద్ర బెంగళూరులో ఒక లారీ ఆఫీసులో చేరాడని విన్నారు. గంగరత్న జనవరిలో టైపుకు పోవడం తిరిగి మొదలుపెట్టింది. మొదటి వారం లక్ష్మయ్య ఆమెతో పాటు బస్సులో వచ్చి, ఇన్‌స్టిట్యూట్ బయట కూర్చున్నాడు. రెండో వారం ఆమె వద్దంది. ఒకరోజు అలావుద్దీన్ గది ముందు నుంచి పోతూ ఆగి, బోర్డు మీద అతను రాస్తున్న అక్షరాలు చూసి, బాగుండాది చిన్నాయనా అని పోయింది.

మునిరాజు జనవరిలో ఒకసారి, ఫిబ్రవరి ఆఖర్లో ఒకసారి పుంగనూరు వచ్చాడు. రెండుసార్లూ ఒంటరిగానే. రెండుసార్లూ గంగరత్న అదే ప్రశ్న అడిగింది. ఇంకా చెప్పలేదని అతను ఒప్పుకున్నాడు. కాఫీ తాగి వెళ్లాడు. మార్చిలో రాలేదు. వేరే సంబంధం చూద్దామని లక్ష్మయ్య అంటే, పరీక్ష కానీ నాయనా అని గంగరత్న అంది.

ఏప్రిల్ 30, బుధవారం లక్ష్మయ్య దారం ఉండలు కొనడానికి మదనపల్లె వచ్చి, అలావుద్దీన్ గదికి వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చున్నాడు. తిమ్మక్క తన భార్యకు చెప్పిందీ, తను చూసిందీ కలిపి చెప్పాడు. మార్చి రెండో వారంలో మునిరాజు తండ్రికి ఎదురుగా కూర్చొని, ప్రమాణం అడగడం తప్పని, ఆ రోజు తను నోరు మూసుకోవడం అంతకన్నా తప్పని అన్నాడట. ఆ తర్వాత నెల రోజులు తండ్రీ కొడుకులకు మాటల్లేవు. తిమ్మక్క ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెట్టింది. ఉగాది కూడా అట్లే గడిచింది. ఒక రాత్రి కొండప్ప చెయ్యి కడుక్కుంటూ, పుంగనూరుకు బస్సు ఎన్నింటికని కొడుకును అడిగాడట.

ఏప్రిల్ 27, ఆదివారం పదిన్నరకు కొండప్ప, తిమ్మక్క, మునిరాజు లక్ష్మయ్య ఇంటికి వచ్చారు. కొండప్ప పీట మీద కూర్చున్నాడు. లక్ష్మయ్యతో మాట్లాడే ముందు పాపను పిలవమన్నాడు. గంగరత్న వచ్చింది. ప్రమాణం మాట అతను ఎత్తలేదు. నీకు ఇష్టమేనామ్మా అని అడిగాడు. ఆమె మునిరాజును చూసి, తర్వాత కొండప్పతో ఇష్టమేనని చెప్పింది. పదకొండు గంటల నలభై నిమిషాలకు వక్కాకు మార్చుకున్నారు.